ఇంటి వాడకానికి మాత్రమే

"నేను కనపడట్లేదు వాళ్లకి! నెట్ ఎవరు ఆపారు?"

చిన్నకోడలి అరుపు హాలు దాకా వచ్చింది. హాల్లో ఉన్న ముగ్గురూ విన్నారు గానీ ఒక్కరూ లేవలేదు.

"డబ్బా మీద దీపాలు వెలుగుతూనే ఉన్నాయిగా," అన్నాడు ఆమె భర్త, కుర్చీలోంచే మెడ సాచి చూసి.

"దీపాలు కాదండీ! నా బొమ్మ ఆగిపోయింది. వాళ్లు నాకు కనపడుతున్నారు, నేను వాళ్లకి కనపడట్లేదు. మాట కూడా వెళ్లట్లేదు."

"పెద్ద సినిమా తార మరి," అంది అత్తగారు, టీ గ్లాసు చేతిలోంచి దించకుండా. "కాసేపు కనపడకపోతే కొంప మునిగిపోతుందా?"

కొంప మునిగే పనే. కాకపోతే మునిగేది ఈ కొంప కాదు. అందుకే ఇక్కడ టీ చల్లారలేదు.

చిన్నకోడలు ఫోను పట్టుకుని గదిలోంచి బయటికి వచ్చేసింది. తెర మీద ఆస్పత్రి గది. మంచం మీద బట్టలు కుట్టుకుని బతికే ఒకామె. పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట లేదు, చదువు తన పేరు రాసుకునేంత వరకే. పక్కన ఆకుపచ్చ బట్టల్లో డాక్టరు. ఆయన నోటితో చెప్పేది ఆమెకి సైగల్లో చెప్పడం, ఆమె సైగల్లో చెప్పేది ఆయనకి నోటితో చెప్పడం చిన్నకోడలి ఉద్యోగం. ఈ ఇంట్లో దాన్ని ఉద్యోగం అనరు. పొద్దున్నే బడికి వెళ్లి పాఠాలు చెప్పి వచ్చే పెద్దకోడలిది ఉద్యోగం. గదిలో కూర్చుని చేతులు తిప్పే చిన్నకోడలిది కాలక్షేపం.

"బావగారూ, ఒక్కసారి చూడండి. ఇందాకటిదాకా బాగానే ఉంది. సరిగ్గా ప్రశ్న మధ్యలో ఆగిపోయింది."

భోజనాల బల్ల దగ్గర ఆఫీసు లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్న బావగారు తల తిప్పలేదు. ఊళ్లో సగం ఇళ్లకి నెట్ ఇచ్చే కంపెనీలో, ఏ ఇంటికి ఎంత వదలాలో చూసే విభాగానికి ఆయనే పెద్ద.

"ఆగలేదమ్మా. తగ్గింది. ఇవాళ్టి నుంచి కట్టడి అమల్లోకి వచ్చింది."

"ఏం కట్టడి?"

"ఇంటి కనెక్షన్ల మీద. లోపలికి ఎంత తెచ్చుకున్నా మేం అడగం. బయటికి పంపేది మాత్రం హద్దు దాటితే నొక్కేస్తాం. పగలంతా ఇంట్లోంచి వీడియో పంపుతున్నారంటే అది ఇంటి వాడకం కాదు, వ్యాపారం. సిస్టమే పట్టేస్తుంది. నేను పట్టింది కాదు."

నేను పట్టింది కాదు అనడం ఆయనకి ఇష్టం. ఆ మాట అన్నాక మనిషి మరీ నిటారుగా కూర్చుంటాడు.

"సరే, వ్యాపారమే అనుకోండి. తర్వాత తిట్టండి, పడతాను. ముందు తెరవండి. ఆవిడ గర్భసంచిలో గడ్డ ఉంది. గడ్డ ఒక్కటే తీస్తే మళ్లీ రావచ్చు, కానీ పిల్లలు పుట్టే ఆశ ఉంటుంది. సంచి మొత్తం తీసేస్తే ఇంక బాధ ఉండదు, పిల్లలూ ఉండరు. ఏది చేయమంటావని డాక్టరు అడుగుతున్నాడు. ఆవిడకి పిల్లలు కావాలి బావగారూ. దానికోసమే ఆపరేషన్‌కి ఒప్పుకుంది. నేను గడ్డ దాకా చెప్పాను, అంతే. బొమ్మ ఆగిపోయింది."

"తెరవాలంటే పైనుంచి అనుమతి రావాలి."

"మీరే కదా పైన!"

"అందుకే." ఇప్పుడు తలెత్తాడు. "నా ఇంటికి నేనే తెరుచుకుంటే రేపు ఊళ్లో వాళ్లకి ఏం మొహం పెట్టుకుని చెప్పను? రాసి పంపుతాను. మధ్యాహ్నానికి వస్తుంది."

తెర మీద కుట్టుపనామె ముందుకు వంగి, మంచం ఎదురుగా నిలబెట్టిన ఆస్పత్రి ఫోను వైపు చూసింది. గోటితో తెరని తట్టింది. చేతులతో అడిగింది: ఉన్నారా?

ఉన్నాను, ఉన్నాను అని చిన్నకోడలు ఒంటి చేత్తో చెప్పింది. హాల్లో గాలికి చెప్పినట్టయింది.

"మీ ఫోను ఇటివ్వండి," అంది భర్తతో. "దాంట్లో నెట్ పెడతాను."

"అదీ అంతే. ఇంటికంతా ఒకటే ప్లాను కదా, అన్నయ్యే కలిపించాడు. నొక్కితే అన్నీ కలిపే నొక్కుతారు." తెలిసిన విషయం చెప్పే అవకాశం దొరికినందుకు అతని గొంతులో చిన్న ఉత్సాహం కూడా ఉంది.

ఆ ఫోనే లాక్కుని ఆస్పత్రికి మామూలు కాల్ చేసింది. అవతల పాట మొదలైంది. మీ కాల్ మాకు ముఖ్యం అంటూ ఒక తియ్యటి గొంతు.

ఒక చెవి దగ్గర పాట. కళ్ల ముందు తెర. డాక్టరు గోడ మీద గడియారం చూశాడు. ఇంక లాభం లేదన్నట్టు తనే మంచం దగ్గరికి వచ్చాడు. తన పొట్ట మీద చేత్తో గుండ్రంగా చుట్టి, బయటికి ఊడ్చేసినట్టు చూపించి, కనుబొమ్మలు ఎగరేశాడు. తీసేద్దామా?

కుట్టుపనామె ఆయన్ని చూసింది. ఫోను వంక చూసింది. మళ్లీ ఆయన్ని చూసింది. చిన్నగా నవ్వి తలూపింది.

"వద్దు! వద్దు! అది అవునని కాదు!"

చిన్నకోడలి తల్లిదండ్రులిద్దరికీ చెవులు వినపడవు. మాటకంటే ముందు సైగ నేర్చిన పిల్ల. ఆ ఊపు ఆమెకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. దుకాణంలో, ఆఫీసులో, బస్సులో ఎదుటివాడి మొహంలో విసుగు కనపడగానే వాళ్లమ్మ అలాగే నవ్వి తలూపేది. దానికి అవునని అర్థం కాదు. కోప్పడకండి అని అర్థం.

"ఇంట్లో అంత గొంతేంటి?" అంది అత్తగారు.

చిన్నకోడలు అప్పటికే మెట్లు దిగుతోంది.

కింద వాటాలో లెక్కల మాస్టారు ఒక్కరే ఉంటారు. తలుపు తీసి, ఆమె మొహం చూసి, మీ నెట్ కావాలి మాస్టారూ అంటే ఎందుకని కూడా అడగలేదు. అడిగింది ఇచ్చే మనిషే. కానీ పాస్‌వర్డు కూతురు పెట్టింది.

"మనవరాలి పేరేనమ్మా. తర్వాత ఏదో అంకె. ఉండు, కళ్లజోడు."

"పేరు చెప్పండి మాస్టారూ, నేను కొడతాను."

"ముద్దుపేరా, అసలు పేరా? అమ్మాయి ముద్దుపేరే పెట్టినట్టుంది..."

ముద్దుపేరు కాదు. అసలు పేరు కాదు. తెర మీద ఇద్దరు మనుషులు చక్రాల బల్ల తెచ్చి మంచానికి ఆనించారు. కుట్టుపనామె తనే దాని మీదికి జరిగి పడుకుంది. జరిగేటప్పుడు గౌను మోకాళ్ల మీదికి లాక్కుంది. వెళ్తూ ఫోను వైపు చేయి ఊపింది.

అసలు పేరు, దాని పక్కన మనవరాలు పుట్టిన సంవత్సరం. కలిసింది. తెర మూలన చిన్నకోడలి సొంత మొహం కదిలింది. ఇప్పుడు అందరికీ కనపడుతుంది. చూడ్డానికి ఆ గదిలో ఖాళీ మంచం ఉంది.

"ఎవరైనా ఉన్నారా? సిస్టర్! సిస్టర్!"

దుప్పటి మార్చడానికి వచ్చిన నర్సు ఉలిక్కిపడి ఫోను వైపు చూసింది. "మీరా? ఎక్కడికి పోయారండీ మధ్యలో? డాక్టరుగారే చేత్తో అడిగారు. సరేనంది."

"సరేనని కాదమ్మా. అర్థం కాకపోయినా వాళ్లు తలూపుతారు. లోపలికి కబురు పెట్టండి. సంచి తీయొద్దని చెప్పండి. మీకు దణ్ణం పెడతాను, పరిగెత్తండి."

"తలుపు వేసేశారేమో. చూస్తాను."

నర్సు వెళ్లింది. ఫోను అలాగే మంచాన్ని చూపిస్తూ నిలబడింది. మాస్టారు మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టారు. చిన్నకోడలు నీళ్లు ముట్టలేదు. చాలాసేపటికి ఇంకెవరో వచ్చి, ఫోను ఎవరిదా అని చూసి, ఆపేశారు.

*

పైకి వచ్చేసరికి భోజనాలు వడ్డించి ఉన్నాయి. ఆమె కంచం కూడా పెట్టారు. అది దయో, ఏమీ జరగలేదని చెప్పడమో తెలీదు.

"చెప్పుల్లేకుండా మెట్ల మీద ఆ పరుగేంటి? మాస్టారు ఏమనుకుంటారు మన గురించి?" అంది అత్తగారు.

"ఆయన ఏమీ అనుకోలేదు. నెట్ ఇచ్చారు."

ఎత్తిపొడుపు తగలాల్సిన చోటే తగిలింది. బావగారు ముద్ద కంచంలో పెట్టేశాడు.

"చూడమ్మా. నామీద నీకు కోపంగా ఉంది. కానీ ఒక్కటి ఆలోచించు. ఈ వీధంతటికీ వచ్చేది ఒకటే తీగ. నువ్వు పొద్దుటినుంచి సాయంత్రం దాకా వీడియో పంపుతూ కూర్చుంటే, పక్కింటి పిల్లలు పరీక్ష రాస్తుంటే ఆగిపోతుంది. వాళ్ల తల్లి నాకు ఫోన్ చేసి ఏడుస్తుంది. అలాంటివాళ్లు రోజూ ఎంతమందో తెలుసా? వాళ్లకి ఎవరు చెప్పాలి సమాధానం?"

"తీగ సరిపోకపోతే ఇంకో తీగ వేయండి. అందరికీ ఇస్తామని అమ్మింది మీరేగా."

"ఇంటి వాడకానికని అమ్మాం. కొళాయి నీళ్లు ఇంటికిస్తారు. దాంతో నువ్వు బట్టలుతికే కొట్టు పెడితే ఊరుకుంటారా?"

"కొళాయి కట్టేసేముందు లోపల మంటలు ఆర్పుతున్నారేమో అని చూడరా బావగారూ? నేనేం పంపుతున్నానో మీ సిస్టమ్‌కి తెలీదు. ఎంత పంపుతున్నానో మాత్రం తెలుసు. ఎంత అన్నది చూసి ఏంటి అన్నది తేల్చేశారు."

"ఏంటో చూస్తే మళ్లీ మీరే అంటారు, మా ఇళ్లలోకి తొంగి చూస్తున్నారని!"

ఇది నిజమే. అందుకే చిన్నకోడలు కంచం పక్కకి నెట్టేసింది.

"మాట మామూలుగానే వెళ్తుందిగా," అన్నాడు భర్త, మధ్యవర్తిలా. "మామూలు ఫోన్ కాల్‌ని ఎవరూ నొక్కలేదు. అత్యవసరానికి అది చాలని పెద్దవాళ్లు ఆలోచించే పెట్టారు."

ఆమె అతన్ని చూసింది. వినపడని మనిషికి అత్యవసరంలో మాట చాలని చెప్తున్న భర్తని, వినపడని ఇంటి నుంచి పిల్లని తెచ్చుకున్న భర్తని చూసింది. అతను పచ్చడి వైపు చేయి సాచాడు.

"నా పనికి వేరే ఆఫీసు కనెక్షన్ తీసుకుందామని నేను ఎన్నిసార్లు అడిగాను మిమ్మల్ని?"

"మళ్లీ అదా? ఇంట్లో రెండు కనెక్షన్లు ఎందుకని..."

"ఎవరు ఎందుకన్నారు?"

భర్త నీళ్లు నమిలాడు. బావగారు కంచం వంక చూశాడు. ఇద్దరు కొడుకులనీ ఒక కోడలు అలా నిలదీయడం అత్తగారు ఓర్చుకోలేకపోయింది. ఆ ఓర్వలేనితనంలోనే, ఇన్నాళ్లూ ఎవరూ చెప్పని మాట ఆవిడ నోట్లోంచి ఊడిపడింది.

"వాళ్లు చెప్పకుండా చేసినట్టు మాట్లాడతావేంటే? ఆదివారం పెద్దాడి ఆఫీసు పిల్ల ఫోన్ చేసి మర్యాదగా అడగలేదూ? మీ ఇంట్లో ఎవరైనా పనికి గానీ, వైద్యానికి గానీ వాడుతున్నారా, ఉంటే చెప్పండి, కట్టడిలోంచి తీసేస్తాం అని? నీ మొగుడే మాట్లాడాడు. ఎవరూ లేరని చెప్పేశాడు. అయిపోయిందానికి ఇప్పుడు..."

అత్తగారు ఆగింది. కొడుకుల మొహాలు చూశాక, అనకూడనిది అన్నానని ఆవిడకి తెలిసింది.

ఆదివారం. ఆ సమయానికి చిన్నకోడలు గదిలో తలుపు వేసుకుని, చెవులు వినపడని ఒక ముసలాయనకి గుండె మందులు ఎలా వేసుకోవాలో చెప్తోంది. బయట పెద్దగా నవ్వులు వినపడ్డాయి. ఏంటో అని తర్వాత అడిగితే, ఏం లేదు, అమ్మ జోకు అన్నాడు భర్త.

"ఏం చెప్పారు?" అంది ఇప్పుడు. గొంతు చాలా మామూలుగా ఉంది.

"అదేం పెద్ద..."

"అన్నది అన్నట్టు చెప్పండి."

భర్త అన్నయ్య వైపు చూశాడు. అక్కడ నుంచి సాయం రాలేదు. "పనికేం వాడమండీ అన్నాను. మా ఆవిడ ఖాళీగా ఉన్నప్పుడు ఫోను ముందు కూర్చుని చేతులు తిప్పుకుంటుంది అన్నాను. ఊరికే. నవ్వుతాలకి."

"ఎందుకలా చెప్పారు?"

"అన్నయ్య వద్దన్నట్టు చేయి చూపించాడు."

ఎక్కడో కొళాయి కారుతోంది. అత్తగారు లేచి వెళ్లి దాన్ని బిగించి వచ్చింది, అదొక్కటే ఈ ఇంట్లో బాగుచేయాల్సిన పని అన్నట్టు.

"నా విభాగం పెట్టిన రూలు," అన్నాడు బావగారు చివరికి. "నా ఇంట్లోనే వ్యాపారం నడుస్తోందని రికార్డులో పడితే? ఎవడైనా చూస్తే? ఇది నువ్వు అర్థం చేసుకోవాలి. నేను ఎవరికీ అన్యాయం చేయలేదు. అందరికీ పెట్టిందే నా ఇంటికీ పెట్టాను."

"అందరికీ ఫోన్ చేసి అడిగారు. నిజం చెప్పినవాళ్లని వదిలేశారు," అంది చిన్నకోడలు. "మన ఇంటికే అబద్ధం పెట్టారు."

అప్పుడు భర్త ఫోను మోగింది. ఆస్పత్రి. పొద్దున ఆమె చేసింది ఈ ఫోను నుంచే. ఆమె అందుకుని, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టింది.

"సైగలు చెప్పే మేడమేనా?" పెద్ద నర్సు గొంతు. "ఆపరేషన్ అయిపోయింది. తెలివి కూడా వచ్చింది. ఏవేవో అడుగుతోంది, మాకు ఒక్కటీ తెలియట్లేదు. భర్త సరుకుల లారీ మీద వెళ్లాడట, రేపటికి గానీ రాడు. మీరే వచ్చి చెప్పాలి."

"ఏం చెప్పాలి?"

"సంచి తీసేశారు మేడమ్. ఆ విషయం."

చిన్నకోడలు బల్ల అంచు పట్టుకుంది.

"ఇంకోటి. మీ వైపే నెట్ పోయిందని డాక్టరుగారు రాశారు. పై ఆఫీసర్లు మిమ్మల్ని అడుగుతారేమో. మీ నెట్ ఏ కంపెనీదో కాస్త చెప్పి ఉంచండి."

ఫోను పెట్టేశారు. బావగారి మొహంలో రంగు మారడం ఆ ఇంట్లో అందరూ ఆరోజే మొదటిసారి చూశారు.

*

బావగారు లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. ఏదో తెరిచి ఒక్క వేలితో ఒక్కసారి నొక్కాడు. "తెరిచాను. ఇప్పుడు బొమ్మ అద్దంలా వస్తుంది. మాట్లాడు."

అనుమతి ఎవరినీ అడగలేదు. రాసి పంపలేదు. ఆ ఒక్క నొక్కుకి ఎంతసేపు పట్టిందో చిన్నకోడలు చూసింది. ఆయన కూడా ఆమె చూడటం చూశాడు.

"కానీ నెట్ మాట ఎత్తకు," అన్నాడు. "ఆస్పత్రి వైపు ఏదో చెడిందని చెప్పు. లేదంటే కళ్లు తిరిగి లేచి వెళ్లానని చెప్పు. నీ మీద వేసుకుంటే ఎవరూ ఏమీ చేయరు. నా మీద పడితే ఇల్లు గడవదు."

"అవును, అలా చెప్పు," అన్నాడు భర్త. "అన్నయ్య ఉద్యోగం సంగతి."

"ఎలాగూ జరిగిపోయింది," అంది అత్తగారు, అనునయంగానే. "ఇప్పుడు నువ్వు నిజం చెప్తే దాని సంచి దానికి తిరిగొస్తుందా?"

చిన్నకోడలు ఆస్పత్రికి వీడియో కలిపి, ఫోనుని నీళ్ల చెంబుకి ఆనించి నిలబెట్టింది. గదిలోకి వెళ్లలేదు. హాల్లోనే, ఆ ముగ్గురి ఎదురుగానే కూర్చుంది.

బొమ్మ నిజంగానే అద్దంలా వచ్చింది. కుట్టుపనామె పెదాల మీద పొర కట్టిన చర్మం కూడా కనపడుతోంది. చిన్నకోడల్ని చూడగానే ఆమె మొహం విచ్చుకుంది. సూది గుచ్చిన చేతిని కదపకుండా, రెండో చేత్తోనే మొదలుపెట్టింది.

గడ్డ ఎంత ఉంది? చూపించమంటే చూపించట్లేదు. ఎన్నాళ్లు ఆగాలి? ఈలోగా ఒప్పుకున్న బట్టలన్నీ కుట్టి ఇచ్చేస్తాను. తర్వాత ఒళ్లో పిల్ల ఉంటే మిషను తొక్కనివ్వదు కదా.

ఒళ్లో పిల్ల అన్నప్పుడు ఆమె చేయి మెత్తగా వంగింది.

నోటితో చెప్పేవాళ్లకి కొంత వెసులుబాటు ఉంది. గొంతు తగ్గించవచ్చు, మాట మింగవచ్చు, ఎటో చూస్తూ చెప్పవచ్చు. సైగకి అవేవీ లేవు. కళ్లలోకి చూస్తూ, ఉన్నది ఉన్నట్టు చేత్తో చూపించాలి. చిన్నకోడలు తన పొట్ట మీద చేయి పెట్టి, సంచి చూపించి, అది ఇక లేదని చూపించింది. పిల్లలు అని చూపించి, ఉండరు అని చూపించింది.

కుట్టుపనామె అర్థం కానట్టు కళ్లు చిట్లించింది. మళ్లీ చెప్పమంది.

మళ్లీ చెప్పింది.

ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. దుప్పటి కింద చేయి పెట్టి పొట్ట తడిమి చూసుకుంది. తర్వాత చేయి బయటికి తీసి, నెమ్మదిగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది.

ఆయన చేత్తో చుట్టి చూపించాడు. గడ్డ తీస్తానంటున్నాడా, ఇంకేదైనా అంటున్నాడా నాకు తెలీలేదు. మీ వంక చూశాను. ఉన్నారా అంటే జవాబివ్వలేదు గానీ మీరు నన్నే చూస్తున్నారు. కదలకుండా, ప్రశాంతంగా. వద్దనలేదు. మీరు వద్దనలేదు కాబట్టే తలూపాను.

ఆ ఊపుని చిన్నకోడలు వాళ్లమ్మ ఊపు అనుకుంది. కోప్పడకండి అనుకుంది. ఇన్నేళ్ల అనుభవంతో చదివి, తప్పు చదివింది. అది భయంతో ఊపిన తల కాదు. తెర మీద ఆగిపోయిన తన బొమ్మని నమ్మి ఊపిన తల.

మీరెందుకు ఊరుకున్నారు? అని అడిగింది కుట్టుపనామె.

"ఏమంటోంది?" అన్నాడు బావగారు, తెరకి కనపడకుండా పక్కకి జరిగి.

చిన్నకోడలు రెండు చేతులూ ఎత్తింది. నేను ఊరుకోలేదు, అని మొదలుపెట్టింది. అరిచాను. మీకు కనపడింది నేను కాదు, ఆగిపోయిన బొమ్మ. మా ఇంట్లో...

"ఏం చెప్తోందిరా?" బావగారి గొంతు మారింది.

భర్త పెళ్లాం చేతుల వంక చూశాడు. ఇన్నేళ్లుగా రోజూ ఎదురుగా తిరిగిన చేతులు. "తెలీదన్నయ్యా."

"తెలీకపోవడమేంట్రా? పెళ్లాం మాట..."

"ఎప్పుడూ నేర్చుకోలేదుగా."

బావగారు ఆ చేతులు ఆగుతాయేమోనని చూశాడు. ఆగలేదు. ఒక చేయి ఆయన వైపు చూపించి, మళ్లీ తెర వైపు తిరిగింది. దానికి అర్థం తెలుసుకోవడానికి ఎవరూ సైగలు నేర్చుకోనక్కర్లేదు. ఆయన వేలు లాప్‌టాప్ మీదికి వెళ్లింది.

తెర మూలన చిన్నకోడలి మొహం ఆగిపోయింది.

పెద్ద బొమ్మ మాత్రం కదులుతూనే ఉంది. కుట్టుపనామె కళ్లు తెర మీద నిలిపి చూస్తోంది. ఎంతవరకు ఆమెకి చేరిందో, మా ఇంట్లో అన్న దాకా చేరిందో, ఊరుకోలేదు అన్నదగ్గరే తెగిపోయిందో ఎవరికీ తెలీదు. ఆమె ముందుకు వంగబోయింది. కుట్లు లాగి, మొహం ముడుచుకుని, మళ్లీ వెనక్కి ఒరిగింది. అక్కడినుంచే చేత్తో అడిగింది: తర్వాత?

"అమ్మాయ్, కోపం తగ్గాక కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు బావగారు. "తొందరపడి ఏదో ఒకటి అనేస్తే..."

చిన్నకోడలు లేచింది. ఫోను చేతిలోకి తీసుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

ఆమె గుమ్మంలో ఆగి, వెనక్కి తిరిగి, ఫోను చంకలో పెట్టుకుని రెండు చేతులతో జవాబు చెప్పింది. ఎక్కడికి వెళ్తోందో, అక్కడ ఎవరికి ఏం చెప్పబోతోందో, ఈ ఇంటికి మళ్లీ వస్తుందో రాదో, తొందర లేకుండా, ఒక్కొక్కటే స్పష్టంగా చెప్పింది. చెప్పి మెట్లు దిగిపోయింది.

భర్త గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. తర్వాత లోపలికి తిరిగి, తల్లినీ అన్ననీ మార్చి మార్చి చూశాడు.

"ఏమంది?"